పందొమ్మిది రోజుల తెల్లరంగు

చిరంజీవి మేనకోడలికి, మావయ్య దీవెనలు.

చెయ్యి వణుకుతోందని నేను షాపుల బోర్డులు రాయడం మానేసి రెండేళ్లయింది. ఇక బొమ్మల జోలికి పోనని ఒట్టేసుకుంటే, నువ్వు ఈ ట్యాబ్ పంపి, చూసి నేర్చుకోమని నీ బొమ్మ ఫైలు కూడా పెట్టావు. ఒకదాని మీద ఒకటి పరిచిన లేయర్ల పక్కనున్న కన్ను గుర్తులు ఒక్కొక్కటే మూస్తూ, పై పొర మాయమైతే కింద ఏముందో చూశాను. ఇంటి వెనక కనపడని ఆకాశమంతా వేశావు! చొక్కా కింద మనిషికి బొడ్డు కూడా ఉంది! ఇంత దుబారా నేను చేసుంటే మా మేస్త్రీ తరిమేవాడు.

ఇట్లు,
మావయ్య

తా.క.: ‘ముక్కు–9’ అని ఒక లేయరుంది. మిగతా ఎనిమిదింటికీ కన్ను మూసేశావు, అవేం పాపం చేశాయి?

*

మావయ్యకి నమస్కారాలు.

ఆ ఎనిమిదీ నేను చెడగొట్టిన ముక్కులు. నువ్వు చూడాలనే తీసెయ్యలేదు. బొడ్డు వేస్తేనే చొక్కా ముడత ఎక్కడ పడుతుందో తెలుస్తుంది. ఇందులో రంగు ఖర్చు కాదు, చెయ్యి వణికితే మళ్లీ గీసుకోవచ్చు. నువ్వూ ఒకటి వేసి పంపు.

నీ మేనకోడలు

తా.క.: తప్పు పోవాలంటే వెనక్కి బాణం నొక్కాలి. కిరసనాయిలు గుడ్డతో అద్దం తుడవకూడదు. అత్తయ్య నాకన్నీ చెప్పేసింది.

*

చిరంజీవికి దీవెనలు.

బొమ్మ పంపాను. పందొమ్మిది రోజులు పట్టింది. మొహమాటపడకుండా చెప్పు. బాగాలేదంటే ట్యాబ్ తిరిగి పంపేసి, ఈ చేతిని ఇక ఇబ్బంది పెట్టను.

మావయ్య

తా.క.: మీ అత్తయ్య చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

*

ప్రియమైన మావయ్యకి,

ఫైలు తెరిచాను. అంతా తెలుపే. ఏడుపొచ్చింది. ఒక్క గీతా పడలేదని దిగులుపడకు. ఆ తెలుపు మాత్రం ఎంత ప్రశాంతంగా ఉందో!

నీ మేనకోడలు

తా.క.: అంచుల దాకా సమంగా పూశావు. అది అందరికీ రాదు.

*

మేనకోడలికి,

ప్రశాంతంగా ఉందా! పందొమ్మిది రోజులు నడుం పడిపోయేలా కూర్చుని వేస్తే, తెలుపు గురించా నువ్వు చెప్పేది? బాగాలేదని మొహం మీద అనలేకపోయావు, అర్థమైంది. ట్యాబ్ పెట్టెలో పెట్టేశాను. రేపు పంపిస్తాను.

ఇట్లు,
మాజీ బోర్డుల పెయింటరు

తా.క.: గుడ్డ తీసి చూసిందా లేదా అడగమంటోంది మీ అత్తయ్య. తియ్యకుండా ఎవరైనా చూస్తారా? కొత్త బోర్డుకి గుడ్డ కప్పి ఇస్తాం, ఓనరే వచ్చి తీస్తాడు. అందుకే అన్నిటికన్నా పైన ఒక తెల్ల లేయర్ వేశాను.

*

మావయ్యా,

నేను తియ్యలేదు! ఇప్పుడే ఆ తెల్ల లేయర్ కన్ను మూశాను. కింద అత్తయ్య, కిటికీ దగ్గర జుట్టు ఆరబెట్టుకుంటూ.

దాని కింద నువ్వు వేసిన నలభై లేయర్లూ మూసీ తెరిచీ చూశాను. నీ చెయ్యి మొదటిదాంట్లోనూ వణికింది, చివరిదాంట్లోనూ వణికింది. కానీ చివరికొచ్చేసరికి ఆ వణుకునంతా తీసుకెళ్లి అత్తయ్య జుట్టులో పెట్టేశావు. నెరిసిన ప్రతి వెంట్రుకా గాలికి కదులుతోంది. నేను జుట్టు గీస్తే విగ్గులా నున్నగా వస్తుంది. నాకు నేర్పించవూ? పెట్టె విప్పు. ఆదివారం వస్తున్నాను.

నీ శిష్యురాలు

తా.క.: బొమ్మ మీద సంతకం పెట్టలేదేం? పైన ఒక ఖాళీ లేయర్ తెరిచి, ఫైలు తిరిగి పంపుతున్నాను. అందులో నీ పేరు రాయి. వణికినట్టే రాయి.