నా రిపోర్ట్ నాకంటే ముందు

ఫిబ్రవరి 24, మంగళవారం

ఎడమ రొమ్ములో కేన్సర్. చంకలో బిళ్ళలు కూడా వాచి ఉన్నాయి. ఒంట్లో ఇంకెక్కడికైనా పాకిందో లేదో పెట్ స్కాన్ చేస్తేగాని తెలియదన్నాడు సర్జన్. తర్వాత, ఇదొక జర్నీ అనుకోండి అన్నాడు.

పదకొండేళ్ళుగా ఈ సిడ్నీలో బస్సు తోలుతున్నాను. పరమట్టా స్టేషన్ నుంచి టూంగాబీ, పెండిల్ హిల్. జర్నీ అంటే నాకు తెలుసు. ఎక్కేవాడికి ఎక్కడ దిగాలో తెలుస్తుంది. ఏ స్టాప్‌కి ఎన్నింటికి వస్తుందో రాసి ఉంటుంది. ఇది జర్నీ ఎలా అవుతుంది?

ఈ మాట అక్కడే అనాల్సింది. అనలేదు. పైగా థ్యాంక్యూ చెప్పి వచ్చాను. అది ఇంకా మండుతోంది.

పార్కింగ్‌లో పాండురంగ స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. నేను ఏడుద్దామనుకునేలోపే మా ఆయన ఆ పని తీసేసుకున్నాడు. దిగమని చెప్పి నేనే తోలుకొచ్చాను.

ప్రియకి రాత్రి భోజనాల దగ్గర చెప్పాం. పదిహేడేళ్ళ పిల్ల. ఓకే అంది. ఓకే, అంతే.

ఫిబ్రవరి 25, బుధవారం

లీవ్ పెట్టమంటున్నాడు పాండురంగ. పెట్టి ఏం చేయాలి, ఇంట్లో కూర్చుని చంక తడుముకోవాలా? ఉదయం 5:10 షిఫ్ట్‌కి వెళ్ళాను.

ఫిబ్రవరి 27, శుక్రవారం

స్కాన్ అయింది. ఆరు గంటలు పస్తు. చేతికి రేడియోయాక్టివ్ మందేదో ఎక్కించి గంటసేపు కదలకుండా పడుకోమన్నారు. మాట్లాడకూడదు, ఫోన్ చూడకూడదు. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో పట్టపగలు గంటసేపు ఊరికే పడుకోవడం ఇదే మొదలు. అందుకు నాకు కేన్సర్ రావాల్సి వచ్చింది.

ఆ గంటలో దేవుడు గుర్తు రాలేదు. తెనాలిలో మా అమ్మకి ఎలా చెప్పాలా అని కూడా ఆలోచించలేదు. ఫ్రిజ్‌లో నానబెట్టిన పప్పు రుబ్బలేదని గుర్తొచ్చింది. భయం పెద్దదైతే బుర్ర ఇలా చిన్నదైపోతుందేమో.

స్కాన్ చేసినమ్మాయి మొహం చూశాను, ఏమైనా తెలుస్తుందేమోనని. నవ్వింది. అందరికీ అలాగే నవ్వుతుంది కాబోలు. రిపోర్ట్ ఫోన్‌లో ఆప్‌కి కూడా వస్తుందంది. ఆ ఆప్ నేను తెరిచి ఏళ్ళయింది, పాస్‌వర్డ్ కూడా గుర్తు లేదు. మంగళవారం సర్జన్ ఎలాగూ చెప్తాడు. నాలుగు రోజులు.

మార్చి 1, ఆదివారం

సీతాదేవి ఆంటీ వచ్చారు. పెండిల్ హిల్‌లో మాకున్న పెద్దదిక్కు ఆవిడే. పులిహోర తెచ్చారు, బాగుంది. దాంతోపాటు వంకాయ మానెయ్యమని, మైక్రోవేవ్ వాడొద్దని, రోజూ పరగడుపున పసుపు మింగమని చెప్పారు. మీ పుట్టింటి వైపు ఎవరికైనా ఉందా అని రెండుసార్లు అడిగారు. లేదన్నాను. మరి ఎలా వచ్చిందమ్మా అన్నారు, నేనేదో తెలిసి చేసి దాస్తున్నట్టు. రాత్రి షిఫ్టులు చేశావుగా అని ఆవిడే తేల్చారు.

పాజిటివ్‌గా ఉండమన్నారు. అందరూ ఇదే మాట. నేను నెగటివ్‌గా ఉంటే ఈ బిళ్ళలు పెరుగుతాయా? పెరిగితే అప్పుడు తప్పు నాదేనా?

ఆంటీ వెళ్ళాక పాండురంగ హాలంతా వాక్యూమ్ చేశాడు. పొద్దున కూడా చేశాడు.

మార్చి 2, సోమవారం

రేపే.

ప్రియ స్కూల్ నుంచి వచ్చి తలుపేసుకుంది. అన్నానికి పిలిస్తే ఆకలి లేదంది. అసైన్‌మెంట్ ఉందట. అమ్మకి ఏమైతేనేం, అసైన్‌మెంట్ ఆగదు కదా.

మార్చి 3, మంగళవారం

పొద్దున 8:50కి క్లినిక్ నుంచి ఫోన్. సర్జన్ గారు గోల్డ్ కోస్ట్‌లో కాన్ఫరెన్స్‌కి వెళ్ళారట. అపాయింట్‌మెంట్ పదకొండో తారీకుకి మార్చారట. వెరీ సారీ అంది రిసెప్షనిస్టు. పాట పాడుతున్నట్టు అంది.

ఎనిమిది రోజులు. మరి రిపోర్ట్ వచ్చిందా అని అడిగాను. డాక్టర్ మాత్రమే మాట్లాడగలరంది. ఆయన లేకపోతే ఇంకెవరు అని అడిగాను. తిరిగొచ్చాక ఆయనే అంది.

నేను మూడు నిమిషాలు లేటైతే డిపోకి కంప్లైంట్ వెళ్తుంది. నేను సంజాయిషీ రాసిస్తాను. ఎనిమిది రోజుల లేటుకి ఎవరు రాసిస్తారు?

మార్చి 4, బుధవారం

భయం పొద్దున వస్తుందని ఎవరూ చెప్పలేదు. కళ్ళు తెరిచిన మొదటి రెండు సెకన్లు ఏమీ ఉండదు. తర్వాత గుర్తొస్తుంది. రోజూ కొత్తగా చెప్పినట్టు ఉంటుంది.

ఇవాళ వీపు నొప్పి. ఎముకల్లోకి పాకిందేమో అనుకున్నాను. పదకొండేళ్ళుగా ఆ సీటులో కూర్చుంటే వచ్చే నొప్పే అది. అయినా అనుకున్నాను.

వెంట్‌వర్త్‌విల్‌లో ఒకాయన బస్సెక్కి, నా మొహం ముందు గడియారం పెట్టి వేలితో కొట్టి చూపించాడు. నాలుగు నిమిషాలు లేటు. సారీ అన్నాను. ఆయన దిగేదాకా నా పళ్ళు బిగుసుకునే ఉన్నాయి.

మార్చి 5, గురువారం

ప్రియని తిట్టాను. నాలుగు రోజులుగా నా మొహం చూడట్లేదు. నేను వంటింట్లోకి వస్తే అది వెళ్ళిపోతుంది. రాసుకుంటున్నాను కాబట్టి నిజం రాయాలి. నేనన్న మాట ఇది: "నేను పోయినా నీ గది తలుపు తెరుచుకోదా?"

తెల్లబోయి చూసింది. పాండురంగ నన్ను ఊరుకోమన్నాడు. ఆయన్నీ తిట్టాను.

మార్చి 6, శుక్రవారం, సాయంత్రం

ఇవాళ జరిగింది వరసగా రాస్తాను. లేకపోతే నాకే నమ్మబుద్ధి కాదు.

షిఫ్ట్ పన్నెండింటికి అయింది. యూనిఫామ్‌తోనే క్లినిక్‌కి వెళ్ళాను. రిపోర్ట్ గురించి ఎవరైనా చెప్పేదాకా కదలనన్నాను. గట్టిగా అరవలేదు. కుర్చీలో కూర్చున్నాను, అంతే. గంటా పావు కూర్చున్నాను. చివరికి లోపల్నుంచి బ్రెస్ట్ కేర్ నర్స్ వచ్చింది. లొరెయిన్ అని, అరవై ఏళ్ళుంటాయి. లోపలికి తీసుకెళ్ళి కంప్యూటర్ చూసి, మీకు చెప్పలేదా అని ఆశ్చర్యపోయింది. రిపోర్ట్ నా ఆప్‌కి సోమవారమే వచ్చిందట. సోమవారం సాయంత్రం 4:17కి నేను తెరిచి చూసినట్టు కూడా ఉందట.

నేను చూడలేదన్నాను. మీ ఎకౌంట్ నుంచే చూశారంది. ఇప్పుడే చెప్పమంటారా అని అడిగింది. ఆగమన్నాను. ఎందుకు ఆగమన్నానో తెలియదు. నా రిపోర్ట్ నాకంటే ముందు ఎవరు చదివారో ముందు తెలియాలనిపించింది.

దారంతా పాండురంగే అనుకున్నాను. ఇంట్లో పాస్‌వర్డులన్నీ ఆయన దగ్గరే ఉంటాయి. ఇంటి లోన్, కరెంటు, ఇంటర్నెట్, నా టాక్స్ రిటర్న్ కూడా. అన్నీ చూసేవాడు ఇది చూడడా? ఆదివారం మొదలైన ఆ వాక్యూమ్ క్లీనర్ ఈ నాలుగు రోజులూ ఎందుకు ఆగలేదో అప్పుడు అర్థమైందనుకున్నాను. చూశాడు, తట్టుకోలేక ఊడుస్తున్నాడు. నన్ను చిన్నపిల్లని చేశాడు.

ఇంటి నుంచే పని చేస్తున్నాడు ఇవాళ. మీటింగ్‌లో ఉన్నాడు. లాప్‌టాప్ మూసేశాను. నా చావుబతుకుల కాగితం నా దగ్గర దాచే హక్కు నీకెవరిచ్చారని అడిగాను. ఇరవై ఏళ్ళలో ఆయన్ని నువ్వు అన్నది ఇదే మొదటిసారి. ఆయనకి ఏమీ అర్థం కాలేదు. ఏ కాగితం అంటాడు. ఒట్టేశాడు. నేను నమ్మలేదు. నేను ఇంకా ఏమేమో అన్నాను, అవి రాయను.

అప్పుడు ప్రియ గది తలుపు తెరుచుకుంది. స్కూల్ నుంచి ఎప్పుడు వచ్చిందో మేమిద్దరం చూడలేదు.

"ఇట్ వాజ్ మీ, అమ్మా," అంది. "నాన్న కాదు. ఐ రెడ్ ఇట్."

ఆ ఆప్ రెండేళ్ళ క్రితం నాకు పెట్టిచ్చింది అదే. లాగిన్ కోడ్‌లు, మెసేజ్‌లు దాని ఫోన్‌కే వెళ్తాయి. సోమవారం స్కూల్ నుంచి వస్తుంటే బస్సులో మెసేజ్ వచ్చిందట. బస్సులోనే తెరిచిందట. లివర్‌లో పదకొండు మిల్లీమీటర్ల మచ్చ ఒకటి ఉందని, అదేమిటో చెప్పలేమని, ఎమ్మారై చేయమని ఉందట. మిగతాదంతా గూగుల్‌లో వెతుక్కుందట. లివర్‌కి పాకితే ఎన్నేళ్ళు బతుకుతారో కూడా.

మంగళవారం డాక్టరే చెప్తాడు కదా అని ఊరుకుందట. మంగళవారం అపాయింట్‌మెంట్ మారిపోయింది. ఆ తర్వాత చెప్పడం దానికి చేత కాలేదు.

"నీ ఫేస్ చూస్తే చెప్పేస్తానని, చూడలేదు," అంది. ఆ ముక్క తెలుగులో అంది.

దగ్గరికి తీసుకున్నాను. ఏడ్చింది. పాండురంగ గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు. ఆయనకి సారీ చెప్పాను.

తర్వాత ముగ్గురం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని రిపోర్ట్ చదివాం. ప్రియ చదివి చెప్పింది. ఏ మాటకి అర్థమేమిటో అన్నీ దానికి వచ్చేశాయి. అవి దానికి ఎందుకు రావాలి?

మార్చి 7, శనివారం

కోపం తగ్గలేదు. ఎవరి మీదో తేల్చుకోవడానికి రాస్తున్నాను.

ప్రియ మీద కొంచెం ఉంది. అది నా ఒంటి సంగతి. ముందు నాకు తెలియాల్సింది. తల్లిని కాబట్టి ఈ మాట పైకి అనలేను. ఇక్కడ రాస్తున్నాను.

నా మీద ఎక్కువ ఉంది. గురువారం నేనన్న మాట అది ఎలా విని ఉంటుందో తల్చుకుంటే అన్నం దిగట్లేదు.

కానీ అసలు కోపం వీళ్ళెవరి మీదా కాదు. లివర్‌లో మచ్చ అని రాసిన కాగితాన్ని చదివి చెప్పే మనిషి లేకుండా ఫోన్‌కి పంపడమేమిటి? పార్సిల్ వచ్చిందని టింగుమనిపించినట్టు. స్కూల్ బ్యాగ్ ఒళ్ళో పెట్టుకున్న పిల్ల బస్సులో దాన్ని తెరిస్తే, చెప్పాల్సినాయన బీచ్ పక్కన హోటల్లో కూర్చున్నాడు. ఎవరూ రూల్ తప్పలేదట. అందరూ పద్ధతి ప్రకారమే చేశారట.

మార్చి 9, సోమవారం

లొరెయిన్ దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. ప్రియ స్కూల్ మానేసింది. జరిగింది మొత్తం చెప్పాను. ఈసారి థ్యాంక్యూ చెప్పలేదు. ఎమ్మారై రేపటికి పెట్టించింది. దాని రిజల్ట్ డాక్టర్ స్వయంగా చెప్పాలన్నాను. ఏ రోజు, ఎన్నింటికి అనేది కాగితం మీద రాసిమ్మన్నాను. నా రూట్‌కి డిపో వాళ్ళు అలాగే రాసిస్తారన్నాను.

లొరెయిన్ నవ్వలేదు. రాసిచ్చింది. గురువారం, రెండింటికి సర్జన్ ఫోన్ చేస్తాడు, పదకొండున రానక్కర్లేదు అని. కింద తన మొబైల్ నంబర్ వేసింది. తర్వాత ప్రియ వైపు తిరిగి, నాలుగు రోజులు ఒక్కదానివే మోశావా అని అడిగింది. ప్రియ తలూపింది. అది చాలా బరువు, ఇంక నీది కాదు అంది. నేను మూడు రోజులుగా అనాలనుకుంటున్న మాట అది. నాకు రాలేదు.

మార్చి 10, మంగళవారం

ఎమ్మారై. అరగంట రోడ్డు తవ్వుతున్నట్టు చప్పుడు. ఊపిరి బిగబట్టమంటే బిగబట్టాను, వదలమంటే వదిలాను.

ఫోన్‌లో ఆప్ తీసేశాం. ప్రియ ఫోన్‌లో కూడా.

మార్చి 11, బుధవారం

భయమే. రాయడానికి ఇంకేం లేదు.

మార్చి 12, గురువారం

రెండింటికి ఫోన్ రాలేదు. రెండుంపావుకి రాలేదు. రెండున్నరకి లొరెయిన్‌కి కాల్ చేశాను. 2:41కి సర్జన్ చేశాడు.

స్పీకర్‌లో పెట్టాను. లివర్‌లో ఉన్నది కేన్సర్ కాదు. రక్తనాళాల ముడి. పుట్టినప్పటి నుంచీ ఉండి ఉంటుందట, చాలామందికి ఉంటుందట, ఏమీ చేయక్కర్లేదట. ఎముకల్లో లేదు. రొమ్ములో, చంకలో ఉన్నది ఉంది. ముందు కీమో, తర్వాత ఆపరేషన్. నయం చేయాలనే చేస్తున్నాం అన్నాడు. ఆ మాట మళ్ళీ చెప్పమన్నాను. చెప్పాడు.

తర్వాత నేనొక మాట చెప్పాలన్నాను. నా కూతురు మీ రిపోర్ట్ బస్సులో ఒంటరిగా చదివింది డాక్టర్, నాలుగు రోజులు ఎవరికీ చెప్పుకోలేదు అన్నాను. సారీ అన్నాడు. అది పాటలా లేదు. నాకు కాదు, దానికి చెప్పండన్నాను. ప్రియా, ఐ యామ్ సారీ అన్నాడు. ఇట్స్ ఓకే అంది. ఓకే కాదు అన్నాను నేను.

ఫోన్ పెట్టేశాక పాండురంగ నవ్వుతూ ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. పదిహేను రోజుల కోపం ఒక్కసారిగా ఎక్కడ పెట్టాలో తెలియలేదు. పొద్దున మళ్ళీ నానబెట్టిన పప్పు రుబ్బాను.

మార్చి 15, ఆదివారం

కీమో 23న, ఉదయం 8:30. ప్రియ వస్తానంది. స్కూల్ మానొద్దన్నాను.

టీచర్‌కి అప్పటికే మెయిల్ పెట్టేసిందట.