ఇటుక బాటకు మన ఎడ్లను తోలవద్దు

చిరంజీవి పేరయ్యకు, కొత్తపేటలో నీ చెల్లెలు నూకాలు ఇంటి నుంచి అమ్మ దీవించి రాయించేది. మేము కులాసా.

దాన్ని పురిటికి తీసుకువెళ్లడానికి బండి కట్టకు నాయనా. ఇక్కడి బాటంతా కొత్తగా కాల్చిన ఇటుకలు పరిచారు. "ఇంక బురద బాధ లేదండీ అత్తయ్యగారూ!" అంటూ అల్లుడు మొన్న జొన్నాడ రేవుకు కొబ్బరికాయల బండి తోలాడు. మన సీమలో రాయే లేదు, ఎడ్లకు లాడాలు కొట్టించిన వాళ్లెవరు? దారిలో గిట్టలు అరిగిపోయాయి. "ఎర్రటి బాట మీద నెత్తురేం కనబడతాదండీ? ఎద్దు కూలబడ్డాకే చూసేను" అని ఇంటికొచ్చి ఏడ్చాడు. మూడోనాడు ఆ ఎద్దు చచ్చిపోయింది.

మన రెండెడ్లూ బురదలో పెరిగినవే. వాటి వల్లనే మనకింత అన్నం. పడవ మాట్లాడుకుని రా. కోడలి దగ్గు తగ్గిందా? వాము కషాయం మానవద్దను. పడవ దొరక్కపోతే నూకాలుకు ఇక్కడే పురుడు పోస్తాను. తొలి కానుపు పుట్టింట చేయలేదని నలుగురూ నన్నే అంటారు, పడతాను.

బండి కట్టనని ఈ ఉత్తరం తెచ్చిన పడవవాడి చేతే కబురు పంపు. అందాకా నాకు ముద్ద దిగదు. పిల్లలకూ ఎడ్లకూ నా దీవెనలు.