అత్తయ్య కుట్టిన ఈత బట్టలు

అత్తయ్యా,

ట్రెక్కింగ్ వ్యాను సందు చివర హారన్ కొడుతోంది. మీరు మంచి నిద్రలో ఉన్నారని లేపలేదు. కొట్టు తాళాలు మీ దిండు పక్కన పెట్టాను. పొద్దున పెయింట్ డబ్బాల లోడు వస్తుంది. మూతలు చూశాకే దింపించుకోండి, కారేవి అక్కడికక్కడే వెనక్కి పంపండి. మీ అబ్బాయిని మాత్రం బేరాల దగ్గర నిలబెట్టకండి. ఎవరైనా కాస్త ముఖం చిన్నబుచ్చుకుంటే చాలు, అడిగిన ధరకే ఇచ్చేస్తారు. రెండు రోజులూ అడవిలో డేరాల్లోనే ఉంటాం, ఫోన్ రాలేదని కంగారు పడకండి.

ఇందాక సంచి సర్దుతుంటే నా పాత పైజమా, చొక్కా కనిపించాయి. నేను పెట్టలేదు. నీళ్ళలో పైకి తేలకుండా అంచులన్నిటికీ ఎలాస్టిక్ వేసి ఉంది. ఆ మసక కళ్ళతో ఎప్పుడు కుట్టారు?

అందరూ మడుగుల్లో ఈదుతుంటే నేను గట్టున సంచులు చూసుకుంటానన్నాను కదా. "అడవిదాకా పోయి కాపలా కాస్తావా? ఆ పని కొట్లో చెయ్యట్లేదూ?" అని మీరు దెప్పారు. నిజానికి మీరేమనుకుంటారోనని భయపడే అలా అన్నాను. చిన్నప్పుడు ఈత నేర్చుకున్నానని ఈ పదిహేనేళ్ళలో మీతో ఒక్కసారే చెప్పినట్టు గుర్తు. మీరు మర్చిపోలేదు. కొట్టుకొచ్చే ప్రతివాళ్ళనీ గుమ్మంలోనే అంచనా కడతాను, ఇంట్లో ఉన్న మీ దగ్గర మాత్రం తప్పాను. ఈ పెళ్ళిలో నాకు అనుకోకుండా కలిసొచ్చిన లాభం మీరు.

మీ కోడలు

ఇంకో మాట. ఆ బట్టలు సంచిలో ఉంచలేదు, చీర మార్చి ఇప్పుడే వేసేసుకున్నాను. అక్కడికెళ్ళాక వెనక్కి తగ్గుతానేమోనని నా మీద నాకే నమ్మకం లేదు.