అప్పన్న నిధి దొరికిన చోటు

డిసెంబరు 2014

బావకు దండాలు.

ఇక్కడ నేనూ అత్తా బాగానే ఉన్నాం. వేరావల్‌లో నువ్వూ, నువ్వు పనిచేసే పడవలోని మనవాళ్లూ చల్లగా ఉండాలని నూకాలమ్మకు మొక్కుతున్నాను. ఫోన్లో నోరు పెగలని సంగతి ఒకటుంది, అందుకే కాగితం పట్టాను.

అత్త మోకాలి నొప్పి తగ్గింది. వారపత్రికలో పడిన, నువ్వింకా చదవని నా కథలో నిధులు వెతికే అప్పన్న ఎక్కడివాడని అడిగావు కదా. సగం మా అమ్మమ్మ దగ్గర పుట్టాడు. ఆవిడ కథల్లో రాజుగారి చిన్నకొడుకు ఏడు సముద్రాలు దాటి, రాక్షసుణ్ణి చంపి సొమ్ముతో తిరిగొచ్చేవాడు. మిగతా సగం నరసన్నపేట లైబ్రరీలో, అట్టలు ఊడిన పాత సీరియళ్లలో. అక్కడ రాకుమారుడికి ప్యాంటూ టార్చిలైటూ వచ్చాయి, రాక్షసుడు పోయి దొంగల ముఠా వచ్చింది. అంతే తేడా.

వాడి కోసం ఇంట్లో ఎదురుచూసిన ఆడది ఏం చేసిందో మాత్రం ఎవరూ రాయలేదు. నన్నడిగితే చెబుతాను. ఆగస్టులో వెళ్లావు. సాయంత్రమైతే ఇల్లు మింగేస్తున్నట్టుంటుంది. ఆ దిగులు పడలేకే కథ మొదలుపెట్టాను.

నిధి చోటు ఎలా చెప్పాలో తెలియలేదు. పెళ్లైన కొత్తలో నువ్వు ఇసుకలో గీసి చూపించిన గుర్తులు తలపుకొచ్చాయి. సముద్రం మీంచి చూస్తే లైట్‌హౌస్ కొండ కొసకు తగిలినట్టూ, జంట తాటిచెట్లు విడివడినట్టూ కనిపించే చోట, నీటి అడుగున మావ కనిపెట్టిన బండ. మంచి ధర పలికే కోనాం చేపలు గుంపుగా ఉండే చోటు. సొంత తమ్ముడికైనా చెప్పని గుర్తులవి. ఊరి పేరు మారిస్తే చాలనుకుని, ఉన్నవి ఉన్నట్టు రాసేశాను.

మన ఊరి గంగరాజు రేవులోకి పత్రిక తెచ్చి అందరికీ చదివి వినిపించాడు. "ఏటే రేఖా, అప్పన్న దిగిన సోటు మీ మావ అసిరయ్య బండ కాదేటి? ముసిలోడు సచ్చేదాకా దాసినాడు, కోడలు సెప్పీసింది," అని నవ్వాడు. మర్నాటి నుంచి ఊరి పడవలన్నీ అక్కడే. పెద్దవన్నీ ఊడ్చేశారు, ఇప్పుడు వాళ్లకూ పిల్లచేపలే పడుతున్నాయి.

"నా కొడుకొస్తే ఏటి సెప్తావే?" అంది అత్త.

ఈ ఏడాదితో పరాయి పడవ మానేసి, నాన్న బండ మీదే బతుకుతానన్నావు. ఆ బతుకు నా చేతులారా పోగొట్టాను. ఇంకెందుకు రావాలని అక్కడే ఉండిపోతావేమోనని భయంగా ఉంది.

ఉత్తరంలో తిట్టకు బావా. వచ్చి, ఎదురుగా నిలబడి తిట్టు.

ఇట్లు,
పెళ్లాం కాకముందు నుంచీ నీ మేనమామ కూతురు
రేఖ