కంప్యూటర్‌కి రాహుకాలం

తెనాలి,
12-2-2006, ఆదివారం.

అమ్మకు,

ప్రశాంతి నమస్కరించి రాసేది. నేను బాగున్నాను, వేళకే తింటున్నాను. నువ్వూ, ఈ ఉత్తరం నీకు చదివి వినిపిస్తున్న కమలమ్మ పిన్నీ బాగున్నారని తలుస్తాను. పిన్నీ, ఒక్క ముక్క కూడా మింగెయ్యకుండా చదవాలి!

"ఏంటే ఆ ఉద్యోగం, ఆదివారమన్నా రేపల్లె రాకూడదా?" అని రాయించావు. చెబుతాను విను. మాది పెళ్లి సంబంధాల వెబ్‌సైట్ కదా. దాన్ని ఎవరెవరు ఎప్పుడు చూశారో సర్వర్ తనంతట తనే రాసుకుంటూ పోతుంది. దాన్ని లాగ్ అంటారు. రోజూ ఆ లాగ్‌ని కుదించి మా ఓనరు పాండురంగారావు గారికి మెయిల్ చెయ్యాలి, పాతది తీసెయ్యాలి. లేకపోతే చోటు నిండిపోయి సైటే ఆగిపోతుంది. దసరాకి నేను ఊరొచ్చినప్పుడు అదే జరిగింది. ఆ తర్వాత నాకు ఆదివారాలు కూడా లేవు.

ఇప్పుడు ఆ పనంతా కంప్యూటరే చేసుకునేలా ఒక స్క్రిప్ట్ రాశాను. అంటే, ఏది ఎప్పుడు చెయ్యాలో దానికి ముందే రాసిపెట్టడమన్నమాట. రోజూ పొద్దున ఎనిమిదింటికని పెట్టాను. శుక్రవారం మొదలుపెడితే ఆదివారం దాకా భేషుగ్గా నడిచింది. సోమవారం మెయిల్ అందగానే ఓనరు గారు మండిపడుతూ వచ్చారు.

"ఏమ్మా, పెళ్లిళ్ల సైటు మనది! ఇప్పుడు రాహుకాలమని నీ కంప్యూటర్‌కి తెలీదా? తీసెయ్, ఎప్పట్లా నువ్వే చెయ్!"

నా తల కొట్టేసినట్టయింది. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా గడప దాటనివ్వని నీ కడుపున పుట్టి అదెలా మర్చిపోయానమ్మా! సోమవారానికి మాత్రం ఏడింటికని ఒక్క లైను మార్చాను. మరుసటి సోమవారం మెయిల్ వేళకే వచ్చేసరికి ఆయన చల్లబడ్డారు.

నీకు చెప్పనిది ఒకటుంది. ఆ స్క్రిప్ట్ రాస్తున్నంతసేపూ నాకు ఒకటే గుబులు. నా పని అదే చేసేస్తే ఇక నేనెందుకని పంపించేస్తారేమోనని. మానేద్దామా అని కూడా అనిపించింది. కానీ నీ కంటి ఆపరేషన్‌కి నేను పక్కన లేకపోతే ఎలా? ఏడుస్తూనే రాశాను. నిన్న భయపడుతూనే సెలవడిగాను.

"వెళ్లిరామ్మా. కానీ మళ్లీ వచ్చెయ్యాలి సుమా! అది మొరాయిస్తే చూసేదెవరు?" అన్నారు. బతికిపోయాను.

ఇక బాపట్ల డాక్టరు గారి సంగతి. ఇరవయ్యో తారీకు సోమవారం ఎనిమిదింటికని ఆయన చెబితే, "కళ్లు పోయినా సరే, రాహుకాలంలో కోయించుకోను" అని మొండికేశావుగా. ఓనరు గారి దగ్గర గెలిచిన ఊపులో నిన్న ఆయనకీ ఫోన్ చేశాను. "మా అమ్మ కోసం కాస్త జరపండి సార్" అన్నాను. ఆయన పకపకా నవ్వారు.

"మా అమ్మా ఇంతేనమ్మా. తొమ్మిదిన్నరకు తీసుకురా."

ఇంక నీకు వంకల్లేవు. వచ్చే ఆదివారం సాయంత్రానికి నేను రేపల్లెలో ఉంటాను. సోమవారం ఇక్కడ మెయిల్ వెళ్లే వేళకే, ఏడింటికి, మనమూ గడప దాటేద్దాం.

ఈ ఉత్తరం జాగ్రత్తగా దాచు. కట్టు విప్పాక, పిన్నిని పిలవకుండా నువ్వే చదువుకోవాలి.

ఇట్లు,
నిన్ను చెయ్యి పట్టుకుని బాపట్ల తీసుకెళ్లబోయే
నీ కూతురు ప్రశాంతి.