నర్సయ్య తాత అడిగిన మాట

సుజాతక్కా,

మనం దవాఖానకు తోడుగా తీసుకెళ్లే నర్సయ్య తాతకు, నువ్వు చనిపోయావని మూడు నెలలుగా చెప్పలేదు. అడిగినప్పుడల్లా ఊరికి వెళ్లావన్నాను. ఈరోజు సంగారెడ్డిలో డాక్టర్ కంటి ఆపరేషన్‌కు సోమవారం రమ్మంటే, "సుజాత వచ్చినంకనే చేయించుకుంట" అని మొండికేశాడు. ఆయనకు మిగిలింది ఆ ఒక్క కన్నే. ఆటోలో తిరిగి వస్తుంటే, పోతిరెడ్డిపల్లి దగ్గర చివరికి చెప్పేశాను.

ఆయన ఇంటి ముందు ఆటో ఆగింది. దిగాక, "సోమవారం నువ్వొస్తవా మరి?" అన్నాడు. వస్తానన్నాను.

"ఆమెకు తోడు ఎవలు పోయిండ్రు బిడ్డా, దవాఖానకు?"

ఛాతీలో నొప్పితో నువ్వొక్కదానివే బస్సెక్కావని చెప్పలేక, "నేనే పోయిన తాతా" అన్నాను.

ఇంటికొచ్చి రెండుసార్లు టీ పెట్టాను. తాగలేకపోయాను. ఒక్క ఫోన్ చేస్తే వచ్చేదాన్ని కదా అక్కా.

పద్మ