జీపు టాంకీని కోయొద్దు

రామాంజీ,

పెనుకొండలో మీ చిన్నమ్మకు బాగలేదంట, చూసేకి పోతాండా. సంగటి, పప్పు మూతేసి పెట్టినా. తిను. షెడ్డులో మీ నాయన జీపునుంచి ఊడదీసిన పెట్రోలు టాంకీని మాత్రం కోయొద్దు.

"ఏండ్లుగా ఖాళీగా ఉండాది, కోసి కోళ్లకు నీళ్ల తొట్టి చేస్తా, ఏమయితాదిమ్మా" అంటివే, ధర్మవరంలో మీ పెద్దమామ కోసింది కూడా ఖాళీ పెట్రోలు డ్రమ్మే. దాని మూత పక్కింటి మిద్దె మీద దొరికింది. ఆయన మాత్రం దొరకలేదు. పెట్రోలు అయిపోయినా దాని ఆవిరి లోపలే ఉంటాదంట, ఒక్క నిప్పురవ్వ కోసం కాచుకోని.

ఎండెక్కితే ఆ టాంకీ లోపలినుంచి ఎవరో తట్టినట్టు టంగుమంటాది. కుక్క ఆ గడప తొక్కడం మానేసింది. పోయిన అమావాస్యకు జీపుకు హారతి పడితే, గాలి లేకుండానే మంట టాంకీ పక్కకు వంగింది. హారతిని నోటితో ఊది ఆర్పి బయటికొచ్చేసినా. అట్లా చేయకూడదని నాకు తెలుసు. నాకుండేది ఒక్క కొడుకని దేవునికి చెప్పుకున్నా.

రేపు మళ్లీ అమావాస్య. నేను రాకపోతే కర్పూరం వద్దు, షెడ్డు బయట నిమ్మకాయ పెట్టి దండం పెట్టుకో. పాత ఇనుము కొనేటాయనకు పెట్రోలు టాంకీ అని చెప్పే ఇచ్చేద్దాం.

అమ్మ

మర్చిపోయినా. అగ్గిపెట్టెలు, లైటరు వెదకొద్దు, నా సంచిలో ఉండాయి. ఇనుము కోసే గ్రైండరు కూడా. బస్సులో ఎవరేమనుకున్నా సరే. కాఫీ ఫ్లాస్కులో పోసినా. షెడ్డు బీగం చెవి నా కొంగున ఉండాది. లోపలినుంచి తట్టినట్టు వినపడితే నువ్వు పలకొద్దు.